నాయన గుగ్గిలం పొయ్యని ఏడు

కళ్యాణదుర్గంలో మా పక్కింటివాళ్ళు శుక్రవారం గుగ్గిలం పొగ వేస్తే నేను కిటికీ మూసేస్తాను. వాళ్ళకది పూజ వాసన. నాకు మా నాయన చేతుల వాసన.

మా ఊరి చెరువు నిండిన ఏడు మనుషుల్ని అవతలి గడ్డకు దాటించే పని నాయనది. ఆసుపత్రి, సంత, బడి అన్నీ అవతలే. తాతల నాటి ఆ పడవకు అడుగూ, పైన మనుషులు కూర్చునే తలమూ టేకు పలకలే. ఉగాది ఓళిగల తీపి నోట్లో ఆరకముందే, గాలికి కూడా సెగ పుట్టే ఆ ఎండల్లో, నాయన పడవ ముందు గొంతుక్కూర్చుని, పలకల సందుల్లో పెళుసుబారిన పాత గుగ్గిలాన్ని మొద్దు ఉలితో గీకేసేవాడు. అమ్మ పేనిన నూలుతాళ్ళను నూనెలో నానబెట్టి, మూరెడు మూరెడుగా సందుల్లోకి కూరి, కొయ్యసుత్తితో టకటకా కొట్టేవాడు. ఆపైన మూడురాళ్ళ పొయ్యిమీద ఆముదంలో కరిగి బెల్లంపాకంలా బుడగలొచ్చే గుగ్గిలాన్ని గరిటెతో సన్నటి ధారగా పోసేవాడు. కిందపడి గట్టిపడిన చుక్కల్ని ఏరుకుని నేనూ అక్కా అచ్చనగాయలాడేవాళ్ళం.

నేను ఆరో తరగతికి వచ్చేసరికి చెరువు నిండి నాలుగేళ్ళయింది. ఎండిన చెరువులో నడిచే బడికి పోయేవాళ్ళం. నాయన మాత్రం ఏటా పడవ బాగుచేస్తూనే ఉన్నాడు. బడిలో నన్ను 'ఎండలో పడవోని కూతురు' అని పిలిచేవారు. ఒకరోజు ఏడ్చుకుంటూ వచ్చి, సందులు గీకుతున్న నాయన మీద అరిచాను.

“చెరువులో గొర్రెలు మేస్తాండాయి. నీళ్ళు యాడుండాయని ఈ పని నాయనా? అందరూ నవ్వుతాండారు. నాకు సిగ్గయితాండాది.”

అమ్మ ఇంట్లో లేదు. నాయన నా ముఖంలోకి కాసేపు చూసి, ఉలి కింద పెట్టాడు.

“సరేలేమ్మా,” అన్నాడు.

గీకిన సందులు అలాగే నోళ్ళు తెరుచుకుని ఎండకు ఎండాయి.

ఆ ఏడు దసరా దాటాక మూడు రోజులు ఆగకుండా వాన కురిసింది. చెరువు కట్టదాకా నిండింది. వంక పొర్లి బస్సు దారి తెగిపోయింది. తొలి కాన్పుకు ఇంటికి వచ్చిన అక్కకు నాలుగోనాటి పొద్దున నొప్పులు మొదలయ్యాయి. “బిడ్డ అడ్డం తిరిగుండాది. ఆసుపత్రికి ఎత్తకపోండి,” అంది మంత్రసాని.

నాయన అమ్మ పాతచీరలూ నా పావడాలూ చించి సందుల్లో కూరాడు. అక్కను పలకల మీద పడుకోబెట్టి గెడ వేసి పడవ నెట్టాడు. నేను చెంబుతో నీళ్ళు తోడుతున్నాను. తోడేకొద్దీ ఊరుతున్నాయి.

“నాయనా, నీళ్ళు ఈపుకు తగులుతాండాయి,” అంది అక్క.

“రెండు దినాలు నానుంటే పలకలు ఉబ్బి కలుసుకునేటివి,” అని నాయన తనలో తనే గొణుక్కున్నాడు. పావుదూరం కూడా పోకముందే నీళ్ళు మోకాళ్ళకొచ్చాయి. పడవ వెనక్కి తిప్పాడు.

మధ్యాహ్నంలోపు అక్క కట్టమీదే పోయింది, బిడ్డ కడుపులో ఉండగానే.

అక్క పెద్దదినం కాకముందే అమ్మ నిలదీసింది. “అన్నేండ్లు పోసినోనివి, ఈ ఏడు గుగ్గిలం యాల పొయ్యలేదు?”

నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. నాయన నావైపు చూడలేదు.

“మరిచిపోతినే,” అన్నాడు.

చచ్చేదాకా ఆ మాటే చెప్పాడు. నాతో ఒంటరిగా ఉన్నప్పుడు కూడా దాని ఊసెత్తలేదు.

ఇప్పుడు ఆ చెరువు నిండా ముళ్ళకంపే. పడవను విప్పి ఎవరో గొర్రెలదొడ్డికి తలుపు చేసుకున్నారు. ఉలి పట్టి సందు కూరడం తెలిసిన మనిషి ఆ చుట్టుపక్కల ఒక్కడూ లేడు. పోయినేడు అమ్మ కూడా వెళ్ళిపోయింది. మంచాన పడ్డాక కూడా, “మీ నాయన మరుపు నా బిడ్డను మింగేసినాది,” అంటూనే ఉండేది.

నేను ఆమె కాళ్ళు పిసుకుతూ ఊ కొట్టేదాన్ని.