గేటు బయట నిలబడ్డ సరోజక్క

నిన్న పొద్దున మా పాత అటెండర్ ఫోన్ చేశాడు. "సరోజక్క లేదు మేడమ్. నిద్రలనే పోయింది."

ఏ సరోజక్క అని అడిగాను.
తెలిసి కూడా అడిగాను.

ఇబ్రహీంపట్నం సర్కారు హైస్కూల్లో నాకు సీనియర్. లెక్కల టీచర్.

ఊరి చుట్టూ రియల్ ఎస్టేట్ వెంచర్లు లేస్తున్న రోజులవి. ప్రైవేట్ స్కూల్ బస్సులు గల్లీ గల్లీకీ వచ్చి పిల్లల్ని ఎక్కించుకుపోయేవి. మనమూ వాళ్లలా డిసిప్లిన్ చూపించాలని మా హెడ్‌మాస్టర్ ఒక రూల్ తెచ్చారు. ఎనిమిదిన్నరకే గేటుకు తాళం. లేటైతే ఇంటికే.

స్టాఫ్ మీటింగ్ అన్నారు. వెళ్లేసరికే తీర్మానం రాసి ఉంది. మా సంతకాలే తక్కువ.

నేను పెట్టేశాను. చదవకుండానే.

అక్క చదివింది. "యాచారం దిక్కుకెల్లి బస్సు తొమ్మిదికి గానీ రాదు సార్. గా పిల్లలేం జెయ్యాలె?"

"డిసైడ్ అయిపోయింది మేడమ్. సంతకం పెట్టున్రి."

"అయిపోయినంక మమ్మల్నెందుకు పిలిచిన్రు? రోజూ క్లాసుల నిలవడేది మేము. మమ్మల్ని అడగకుంట రూలేంది? నేను పెట్ట."

పెట్టలేదు.

సోమవారం బస్సు దిగిన ఆడపిల్లలు తాళం చూసి రోడ్డు మీదే ఆగిపోయారు. అక్క గేటు తీయించుకుని బయటికి వెళ్లి వాళ్ల పక్కన నిలబడింది.

"వీళ్లు లోపలికొస్తేనే నేనొస్త."

సాయంత్రానికల్లా మెమో. మంగళవారం మళ్లీ అక్కడే నిలబడింది.

మూడో రోజు నేనూ వెళ్లాను. నాకూ మెమో వస్తుందని తెలిసే వెళ్లాను. నా వెనక హిందీ సార్ వచ్చారు. తర్వాత ఒక్కొక్కరూ.

గురువారం హెడ్‌మాస్టర్ అందరినీ కూర్చోబెట్టి, మొదటిసారి, "ఏం జేద్దాం, చెప్పున్రి" అన్నారు.

రూల్ పోయింది. స్కూల్ టైమ్ బస్సును బట్టి మారింది. ఆ ఏడాది టైమ్‌టేబుల్ మేమే కూర్చుని వేసుకున్నాం, గట్టిగా కొట్లాడుకుంటూ!

మరుసటి ఏడాదే అక్కను దూరంగా ట్రాన్స్‌ఫర్ చేశారు. నేను ఏడిస్తే నవ్వింది.

"ఫికర్ జెయ్యకే. ఆడగూడ గేట్లుంటయ్ గద."

నిన్న చివరి చూపుకు వచ్చిన ఒక పెద్దమనిషి అన్నాడు, "మంచిదే గానీ, జర మొండిది" అని.

అవును, మొండిదే. ఆ మొండితనం వల్లే ఆ ఆడపిల్లలు బడి మానలేదు. వాళ్లలో ఒకమ్మాయి నిన్న అక్క కాళ్ల దగ్గర కూర్చుని ఉంది. ఇప్పుడు తనూ టీచరే.

మెచ్చుకోవడానికి నోరు రాకపోతే ఊరుకోండి. "గానీ" మాత్రం అనకండి.

పోయి రా, సరోజక్కా.
నీకు శాంతి దొరకాలి.
మాకు మాత్రం ఆ శాంతి ఇప్పుడే వద్దు, గేట్లు ఇంకా ఉన్నాయి.