నూకరత్నం వలలో చిరుగులు

1999వ సంవత్సరం. సిడ్నీలో తెలుగు ప్రోగ్రామర్లంతా వైటూకే పనిలో తలమునకలై ఉన్న రోజులు. మా ఆయన ఒక బ్యాంకు పాత ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాలను నాలుగంకెలుగా మారుస్తుండేవారు. మేం సిడ్నీ శివారు టూంగాబీలో ఉండేవాళ్ళం. నాది ఒంగోలు. తెలుగు, ఉర్దూ ఇంటర్‌ప్రెటర్‌ని, ఎక్కువగా ఆసుపత్రుల్లో పని. మా వృత్తిలో మొదటి నియమం ఫస్ట్ పర్సన్. రోగి "నాకు నొప్పి" అంటే నేనూ ఇంగ్లిష్‌లో "నాకు నొప్పి" అనే చెప్పాలి. ఏమీ కలపకూడదు, తీసెయ్యకూడదు.

ఒకసారి ఆర్ట్ గ్యాలరీ నుంచి పిలుపొచ్చింది. కాకినాడ దగ్గరి తీరం నుంచి వచ్చిన నూకరత్నం గారు తన కళ గురించి మాట్లాడతారట. ఆవిడకు ఇంగ్లిష్ రాదు. వెళ్ళేసరికి హాల్లో పైకప్పు నుంచి నేల దాకా పాత చేపల వలలు కలిపి వేలాడదీసి ఉన్నాయి. వాటి నిండా చిరుగులు. ప్రతి చిరుగు అంచునా ఎర్రదారంతో కుట్టు. కొన్ని అరచేయంత, ఒకటి తలుపంత.

ప్రదర్శన చూసుకునే హెలెన్ నా చేతిలో చిన్న పుస్తకం పెట్టింది. కళాకారిణి భర్త సముద్రంలో చనిపోయాడనీ, ఈ చిరుగులు ఆమె గాయాలనీ అందులో ఉంది. "ఈ మాటలే వాడితే ఆడియన్స్‌కి తేలిగ్గా అర్థమవుతుంది" అంది.

ప్రసంగం మొదలైంది. "ఈ చిరుగులు నేను మూయలేదు, అంచులే కుట్టేను" అన్నారు నూకరత్నం గారు. నేను చిరుగులను గాయాలని చెప్పాను. ముందు వరసలో ఒకామె కళ్ళు తుడుచుకుంది. నూకరత్నం గారు ఆగిపోయారు.

"ఏం చెప్పేవమ్మా? ఆళ్ళెందుకు ఏడుస్తున్నారు?"

"చిరుగుని గాయం అన్నానక్కా. పుస్తకంలో అలా ఉంది."

"గాయమేంటి? మా ఆయన పోయేడు, నిజమే. ఆ బాధ నా ఇంట్లో ఉంది. దాన్ని తెచ్చి ఇక్కడ యేలాడదీయలేదు."

తప్పు చేస్తే ఇంటర్‌ప్రెటర్ అందరి ముందూ ఒప్పుకోవాలి. అప్పుడు మాత్రం "నేను" అనకూడదు, ఎందుకంటే "నేను" అంటే కళాకారిణి. వెనక హెలెన్ నిలబడి ఉంది. ఆమె ఫిర్యాదు చేస్తే నాకు మళ్ళీ పిలుపులు రావు. మైకు పట్టుకుని, "ఇంటర్‌ప్రెటర్ తప్పు చెప్పింది, సరిదిద్దుకుంటోంది" అన్నాను. ఆవిడ నాతో అన్నదంతా చెప్పాను.

నూకరత్నం గారు మళ్ళీ అందుకున్నారు.

"చిన్నప్పట్నించీ వలలు బాగుచేసేదాన్ని. చిరుగు కనబడితే ఇంట్లో అందరూ తిట్టుకునేవోరు. నేను దాంట్లో చెయ్యి పెట్టి చూసేదాన్ని. దీన్ని చించుకు పోయింది ఎంతుండాలి? మనకి దొరకనంత పెద్దదేదో ఇటే ఎల్లింది. అదెలా ఉంటాదో ఎవరూ చూళ్ళేదు. అదెల్లిన దారి మాత్రం నా చేతిలో ఉంది. ఆ దారి మూసెయ్యబుద్ధి కాలేదమ్మా."

ఇంగ్లిష్‌లో "నా చేతిలో ఉంది" అంటుంటే నా చెయ్యి దానంతటదే పైకి లేచింది.

ఒక ముసలాయన లేచి తలుపంత చిరుగు చూపించాడు. "మరి అందులోంచి ఏం వెళ్ళింది?"

"ఏమో నాన్నా. తెలిస్తే కుట్టేసేదాన్ని."

ఆ మాట ఉన్నదున్నట్టు ఇంగ్లిష్‌లో చెప్పాను.

తర్వాత జనం ఆ చిరుగు ముందు వరసకట్టారు. నేనూ నిలబడ్డాను. రెండు చేతులూ పైకి చాచినా పై అంచు అందలేదు. నాకు తెలియకుండానే నోట్లోంచి, అల్లా మహిమకు అబ్బురపడి అనే "సుభానల్లా" వచ్చింది. వెనక్కి తిరిగితే హెలెన్, బల్ల మీది ఆ చిన్న పుస్తకాలన్నీ ఒక్కొక్కటిగా తీసి అట్టపెట్టెలో సర్దేస్తోంది.

రెండు భాషలూ వచ్చిన నాకు పట్టుబడని తప్పు, ఒక్క ఇంగ్లిష్ ముక్క రాని ఆవిడ ఎదుటివాళ్ళ మొహాలు చూసి పట్టుకున్నారు. ఆ రోజు నుంచి ఆసుపత్రిలో ఎవరు ముందే ఏం చెప్పినా సరే, రోగి నోరు తెరిచేదాకా ఆ బాధకు నేను పేరు పెట్టను.