వంద ముడుల తాడు

నాకు అనుమానం పుట్టుకతో వచ్చిన జబ్బు. ఇంట్లో పాలు పలచగా ఉంటే పాలవాణ్ణే కాదు, గేదెను కూడా అనుమానిస్తానని మా అమ్మ అనేది. అందుకేనేమో, బళ్లారి ప్రయాణం నా నెత్తిన పడింది.

అరవైలు మొదలైన రోజులు. విశాఖపట్నంలో సముద్రపు నీటి వేడిమి మీద పరిశోధన చేస్తున్నాను. ఓడ మీద నుంచి థర్మామీటరు దింపి, పై నీళ్లు ఎంత వెచ్చగా ఉన్నాయో, ఎంత లోతున చన్నీటి పొర మొదలవుతోందో చూడటం మా పని. పాతికేళ్ల కిందట అదే చోట ఓ సర్వే ఓడ కొలిచిన లెక్కల పుస్తకం మాకు దొరికింది. అందులో వంద బారల లోతున, అంటే ఆరువందల అడుగుల దగ్గర, నీళ్లు మాకు దొరికిన వాటికన్నా దాదాపు రెండు డిగ్రీలు చల్లన. పై నీళ్లు ఎండకూ గాలికీ రోజూ మారతాయి గాని, లోతు నీళ్లు అంత తొందరగా మారే రకం కాదు. సముద్రం నిజంగానే వేడెక్కిందా, లేక తాడు దింపినవాడు బద్ధకించి అంకెలు కల్పించాడా? మొదటిది నిజమైతే నా సిద్ధాంత వ్యాసం నిలబడుతుంది. రెండోదైతే పుస్తకమంతా కొట్టివేతే. ఏదో ఒకటి తేల్చుకురమ్మన్నారు మా ఆచార్యులు.

లెక్కలు రాసిన అధికారి అప్పటికే పోయారు. తాడు దింపిన ఖలాసీ ఊరు మాత్రం పాత జీతాల పట్టీలో కనబడింది: సంగనకల్లు, బళ్లారి జిల్లా. కనుచూపు మేరలో చేపల చెరువైనా లేని ఊరి మనిషి ఓడెందుకు ఎక్కాడన్నది నా మొదటి అనుమానం.

సాయంత్రం వాల్తేరులో మెయిలెక్కి, తెల్లారేసరికి బెజవాడలో దిగాను. ప్లాట్‌ఫారం మీద ఇడ్లీ తిని, ఎనిమిదింటికి గుంటూరు, నంద్యాల మీదుగా గుంతకల్లు పోయే చిన్న బండి ఎక్కాను. వెంట గుడ్డసంచి, థర్మామీటరున్న పొడుగాటి చెక్కపెట్టె. పెట్టెను ఒళ్లోంచి దించలేదు. నంద్యాల దాటాక ఎదుటి బల్ల మీది వేరుశనక్కాయల వ్యాపారి ఇక ఉండబట్టలేక, "పెట్టెలో ఏముండాదప్పా?" అన్నాడు. థర్మామీటరనీ, లోపల పాదరసమనీ చెప్పాను. అది చెప్పకుండా ఉండాల్సింది. పాదరసమన్న మాట విన్నాక, నేను బంగారం చేసే రకమని బోగీలో సగం మందికి ఖాయమైపోయింది. వ్యాపారి తన మూటను మెల్లగా కాళ్ల మధ్యకు లాక్కున్నాడు. నేనూ నా సంచిని అలాగే లాక్కున్నాను.

రాత్రికి గుంతకల్లు చేరి వెయిటింగు రూములో పడుకుని, పొద్దున ఆరింటి బండికి బళ్లారి వెళ్లాను. ఎనిమిదింటికి దిగి, స్టేషను బయట హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. ఆ దారిన వెళ్లేవాళ్లకు నా సలహా: బజ్జీ ఒకటి చాలు. టాంగావాడు సగం తెలుగు, సగం కన్నడంలో నా పని ఆరా తీస్తూ, కొండలు కనబడగానే ఊరి మొదట్లో దించేశాడు.

సంగనకల్లు కొండల్లో కొత్తరాతియుగపు గొడ్డళ్ల కోసం పెద్ద చదువుల వాళ్లు వచ్చి పోతుంటారట. ఒకాయన నా పెట్టెను చూసి, రాళ్లేరుకునే సార్ల మనిషినా అని అడిగాడు. కాదు, సముద్రం పని మీద వచ్చానన్నాను. ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు.

"సముద్రమా? ఈడ యాడుండాది సముద్రం?"

ఆ తర్వాత ఎవరినడిగినా ఆ ఖలాసీ తమకు తెలియదన్నారు. చివరికి ఊరి బావి దగ్గర గోగునారతో తాడు పేనుతున్న ఓ పెద్దాయన కనబడ్డాడు. ఎడమ చేతికి రెండు వేళ్లు లేవు. ఓడలో పనిచేసిన మనిషి కోసం వచ్చానంటే తలెత్తకుండానే, "ఆ మనిషి ఈడ లేడప్పా. ఎప్పుడో పోయినాడు" అన్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుందే అనుకున్నాను. వాదించకుండా పెట్టె తెరిచి థర్మామీటరు బయటికి తీశాను.

పెద్దాయన చేయి తనంతట తానే ముందుకొచ్చింది. చట్రాన్ని అటూ ఇటూ తిప్పి, బొటనవేలితో ఒకచోట నొక్కి చూశాడు.

"గొళ్లెం బిగుసుకోని పోయిండాది. ఇట్లనే దింపితే కింద తలకిందులు కాదు" అన్నాడు.

లోతుకు చేరాక పైనుంచి తాడు వెంట ఇత్తడి బరువు వదిలితే, అది తగిలి థర్మామీటరు తలకిందులవుతుంది. పాదరసం తెగి, అక్కడి వేడిమి అలాగే నిలిచిపోతుంది. ఓడెక్కనివాడికి ఆ సంగతి తెలియదు. ఇక దాచలేక ఆయన చెప్పుకొచ్చాడు. కరువులో మద్రాసు పోయి రేవులో మూటలు మోశాడట, అక్కణ్ణుంచి ఓడలో పడ్డాడట. వేళ్లు తాడు కిందే నలిగిపోయాయట.

మనిషి దొరికాడు గాని నా అనుమానం తీరలేదు. దింపాక, పాదరసం కుదురుకోవడానికి ఎంతసేపు ఆగేవారని అడిగాను. ఎద్దులు లాగే కపిలతో బావిలోంచి పది బానలు తోడేంత సేపన్నాడు. అధికారి గడియారం చూసుకునేవాడట, ఈయన ఎద్దుల్ని తలుచుకునేవాడట. లెక్క వేసుకుంటే సరిపోయింది. సరిపోవడం కూడా నాకు నచ్చలేదు. ఓడ మీది తాడు ఎవరు కట్టారన్నాను. పాతది తెగిపోతే కొత్త తాడుకు ముడులు తానే వేశానన్నాడు. ఎలా వేశారో చూపించమన్నాను.

ఆయన లేచి, తాడు కొసను కాలి బొటనవేలి కింద తొక్కిపట్టి, కుడి చేయి నిటారుగా పైకెత్తి, వేళ్లు అందినచోట ముడి వేశాడు. మళ్లీ ఆ ముడిని తొక్కిపట్టి చేయెత్తాడు.

నేను సంచిలోంచి టేపు తీశాను. ఓడల మీద తాడును బారతో కొలుస్తారు. రెండు చేతులూ పక్కలకు చాపితే ఆరడుగులు, అక్కడొక ముడి. అలా ఎందుకు కొలవలేదని అడిగాను.

"లోతు నిలువునా గదప్పా ఉండేది. అడ్డంగా చేతులు చాపితే బావి లోతు ఎట్ల తెలుస్తాది? మా నాయన ఇట్లనే కొలిచినాడు, వాళ్ల నాయనా ఇట్లనే."

అధికారి ముడులు లెక్కపెట్టి బారలని రాసుకున్నాడు. నేను ఆయన వేసిన ముడిని టేపుతో కొలిచాను. ఏడడుగుల మూడంగుళాలు. వంద ముడులంటే ఆరువందల అడుగులు కాదు, ఏడువందల పాతిక. నా కాగితాలు తీసి ఆ లోతు దగ్గర మా ఓడ కొలిచిన వేడిమి చూశాను. పాతికేళ్ల కిందటి అంకెతో సరిగ్గా కలిసింది. సముద్రం వేడెక్కలేదు, ఆయన అబద్ధమాడలేదు. బావి గట్టు మీద కూర్చుండిపోయాను. నిజం చెప్పాలంటే, మూడేళ్ల నా వ్యాసం ఆ గట్టు మీదే పోయినందుకు ఏడుపొచ్చినంత పనైంది. నేను చెప్పకపోతే ఎవరికి తెలుస్తుందన్న ఆలోచన కూడా వచ్చింది. అది రాలేదని రాస్తే ఇదంతా రాయడం దండగ.

ఆయన నా ముఖం చూసి, తన వల్ల ఏదన్నా తప్పు జరిగిందా అని అడిగాడు. జరిగిందంతా చెప్పాను.

"కింద నీళ్లు ఇంగా అంతే సల్లగా ఉండాయా?" అన్నాడు.

అంతేనన్నాను. అప్పుడు మొదటిసారి నవ్వాడు. ఇంటికి తీసుకెళ్లి జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టించాడు. తిన్నాక నేను పుస్తకం తెరిచాను. దాన్నిండా అధికారి పేరే ఉంది. కొలిచిన మనిషిగా ఈయన పేరు రాస్తానన్నాను. ఆయన నా కలం మీద చెయ్యి పెట్టి ఆపాడు.

"వద్దప్పా. డ్యామ్ కట్టేటప్పుడు నా కూతురి ఊరికి ఇట్లనే వచ్చి పేర్లు రాసుకోని పోయినారు. ఇప్పుడా ఊరు నీళ్ల కింద ఉండాది. ఎంత లోతో ఎవురూ కొలవలే."

నాలుగింటికి టాంగా మాట్లాడుకుని బళ్లారి చేరి, వచ్చిన దారినే గుంతకల్లు వచ్చాను. మర్నాడు పగలంతా చిన్న బండి. కదులుతుంటే రాత కుదరదని నంద్యాలలో బండి ఆగాక పుస్తకం తీసి, బారలు అన్న మాట కొట్టేసి, ముడి ఒకటికి ఏడడుగుల మూడంగుళాలని రాశాను. ఒక్క అంకె కూడా మార్చలేదు. లోతు నీళ్లు మారాయో లేదో చెప్పడానికి నాలాంటివాడి జీవితకాలం చాలదు. ఇంకో యాభై ఏళ్ల తర్వాత ఎవరో వాళ్ల అంకెను ఈ అంకె పక్కన పెట్టి చూస్తారు. దీన్ని నమ్మొచ్చా అని నాలాగే అనుమానపడతారు. నమ్మొచ్చు. ముడులు వేసిన మనిషి పేరు నాకు తెలుసు. రాయొద్దన్నాడు గనక, ఇక్కడా రాయడం లేదు.