రాస్తే ఇద్దరి పేర్లూ రాయి

మిద్దె మీద ఎండబెట్టిన వడియాలను సగం ఎండకముందే మీరు ఎన్నిసార్లు నోట్లో వేసుకున్నారు? అందుకు మీ ఇంటికి ఏనాడైనా పోలీసు వచ్చాడా?

నా చిన్నప్పుడు నాకోసం వచ్చాడు. అప్పుడు నేను మద్రాసు వాషర్‌మెన్‌పేట్‌లో ఒక అనాథ పిల్లల హోమ్‌లో ఉండేదాన్ని. మా మిద్దెకూ పక్కింటి మిద్దెకూ మధ్య మోకాలెత్తు గోడ. ఒక మధ్యాహ్నం పక్కింటి అక్కా నేనూ కలిసి, వాళ్ల కింది వాటా ఆవిడ పెట్టిన వడియాలను గుడ్డ మీదినుంచి గోటితో లేపి తినేశాం. ఆవిడ రెండు వాకిళ్లలోనూ నిలబడి అరిచింది.

అక్కకు వాళ్ల అవ్వ వీపు మీద రెండు వేసింది. తర్వాత తనే ఒళ్లో కూర్చోబెట్టుకుని మజ్జిగ తాగించింది. గోడ ఇవతలినుంచి చూస్తూ అసూయతో ఉడికిపోయాను. మజ్జిగ కన్నా ఆ దెబ్బలే నాకు కావాలనిపించాయి. మా వార్డెనమ్మ నన్ను కొట్టలేదు. దొంగతనం జరిగితే స్టేషన్‌కు చెప్పాలన్నది అక్కడి నియమం; చెప్పింది. "ఆ రక్తమే అంత" అని కూడా అంది. రక్తంలో దొంగతనం ఉంటుందని ఏ పరీక్షలో తేలిందో ఎవరూ అడగలేదు.

పేరు స్టేషన్‌కెక్కితే ఏమవుతుందో నాకు తెలుసు. మా హోమ్‌లో ఒక అన్న కోపంలో కిటికీ అద్దం పగలగొడితే పేరు రాసుకుని వెళ్లారు. ఆ తర్వాత వీధిలో ఏ సైకిలు పోయినా ముందు అతన్నే పట్టుకెళ్లేవారు. కొన్నాళ్లకు అతను నిజంగానే సైకిలు ఎత్తాడు.

కానిస్టేబుల్ గేటు దగ్గర నా పేరు అడుగుతుండగా, పక్కింటి అవ్వ మనవరాలి రెక్క పట్టుకుని వచ్చింది.

"దీని పేరు గూడా రాసుకో అప్పా. ఇద్దురూ తిన్న్యారు."

"ఇంటి పిల్ల కదా పాటీ, ఏదో అల్లరి" అని అతను అవ్వతో తమిళంలో చెప్పి నవ్వేశాడు.

"ఆడుండే పిల్ల తింటే అల్లరి, ఈడుండే పిల్ల తింటే దొంగతనమా? రాస్తే ఇద్దురివీ రాయి. లేదంటే టీ తాగి పో."

అతను టీ తాగి వెళ్లాడు. అవ్వ నా వీపు మీదా రెండు వేసింది. ఇంకో రెండు వేస్తే బాగుండునని నిలబడే ఉన్నాను. ఆమె అక్క చేయి పట్టుకుని వెళ్లిపోతుంటే మళ్లీ అసూయే.

ఇంత వయసు వచ్చినా అది పోలేదు. స్నేహితులు చిన్ననాటి కొంటెపనులు చెప్పుకుని నవ్వుతుంటే ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది. ఆ మంటతోనే వాదిస్తున్నాను: అద్దం పగిలిన రోజున ఆ అన్న పక్కన ఎవరైనా నిలబడి ఉంటే అతని వయసంతా జైళ్లలో గడిచేది కాదు.

మీ వీధిలోనూ ఒక హోమ్ ఉండవచ్చు. దాని ముందు పోలీసు బండి ఆగిన రోజు తలుపు వేసుకోకండి. చెప్పులు వేసుకుని వెళ్లండి. ఆ పిల్ల పక్కన నిలబడి, "నా బిడ్డ ఇదే చేస్తే ఇలాగే రాసుకునేవారా?" అని అడగండి. జవాబు వచ్చేదాకా కదలకండి.