ఫిబ్రవరి నాలుగు అనే పొలం

ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

గాలివానకు కొబ్బరిచెట్లు పడిపోయిన రైతులకు మొక్కలు ఇస్తామన్నారు. అంబాజీపేట దగ్గర మా సహకార సంఘంలో సభ్యుల వివరాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించింది నేనే. ఎవరూ నేర్పలేదు. నలభై దాటాక మీటలు వెతుక్కుంటూ నేర్చుకున్నాను. మండలాఫీసు వాళ్లు జాబితా స్ప్రెడ్‌షీటులో కావాలన్నారు. మా డేటాబేసులోంచి కాపీ చేసి, అందులో పేస్ట్ చేసి, ఫ్లాపీలో ఇచ్చాను. ఇచ్చేముందు వరుసలు సరిచూశాను. అక్కడ నాలుగు వందల పన్నెండు, ఇక్కడా నాలుగు వందల పన్నెండు. లెక్క సరిపోయిందని నిశ్చింతగా ఉన్నాను.

మొక్కలిచ్చే రోజు పొద్దున్నే, ముప్పై సెంట్ల తోట ఉన్న ఒకావిడ సంఘానికి వచ్చింది. ఆ తోటలో ఒక్క చెట్టూ మిగల్లేదు.

"నా పొలం లిస్టులో లేదంటన్నారండి."

"లేకపోవడమేంటమ్మా? సర్వే నంబరు నాలుగు బై రెండు. నేనే ఎక్కించేను."

"నా పేరు పక్కన తారీఖు ఉందంటండి. నా పొలానికి తద్దినం పెట్టేరేంటండీ?"

ఆమెతో మండలాఫీసుకు వెళ్లాను. గుమస్తా జాబితా నా ముందుకు తోశాడు. ఆమె పేరు ఎదురుగా ఫిబ్రవరి నాలుగు! పేస్ట్ చేసినప్పుడు 4/2ని స్ప్రెడ్‌షీటు తేదీ అనుకుంది. 212/3 లాంటివి బాగానే ఉన్నాయి. పైన ముప్పై ఒకటి లోపు, కింద పన్నెండు లోపు ఉన్న సర్వే నంబర్లన్నీ తేదీలైపోయాయి. మొత్తం ముప్పై ఏడు.

"ఫిబ్రవరి నాలుగు అనే పొలం ఎక్కడుందో చూపించండి, మొక్కలిచ్చేత్తాం" అని గుమస్తా నవ్వాడు.

నేను పెన్ను తీశాను.

"కంప్యూటర్ లిస్టండీ. పెన్ను పెట్టకూడదు."

"ఆవిడ ఎదురుగానే ఉంది. పట్టాదారు పుస్తకం చేతిలోనే ఉంది. చూడండి."

"పుస్తకంలో ఉంటే ఏం లాభమండీ, లిస్టులో లేదు కదా."

ఇరవై ఏళ్లు రిజిస్టర్లు దిద్దిన చెయ్యి నాది. ఒక్కరూ కాదనలేదు.

సైకిలు తొక్కుకుంటూ సంఘానికి పోయాను. ఆ నిలువు వరుసను ముందే టెక్స్ట్ అని మార్చి, మళ్లీ పేస్ట్ చేశాను. పావుగంట పని. మొదటిసారే చెయ్యాల్సిన పావుగంట. ప్రింటు పట్టుకుని తిరిగొచ్చేసరికి మొక్కల లారీ ఖాళీ. మిగిలిపోయిన మొక్కల్ని, లిస్టులో ఉన్నవాళ్లకే ఇంకో రెండేసి చొప్పున పంచేశారట!

ఆమె అక్కడే, ఖాళీ లారీ పక్కన నిలబడి ఉంది. కొత్త కాగితం చేతికిచ్చాను. 4/2 అని స్పష్టంగా ఉంది. ఆమె దాన్ని ఇటూ అటూ తిప్పి చూసింది.

"దీన్ని పాతుకోమంటారా అండీ?"

వరుసలు లెక్కపెట్టాను గానీ, ఒక్క వరుసైనా చదవలేదు. ముప్పై ఏడు మందిలో అడగడానికి వచ్చింది ఆమె ఒక్కతే. మిగతా ముప్పై ఆరుగురూ లేదంటే లేదనుకుని ఇళ్లకు పోయారు.