తాయారు దిద్దించిన అక్షరాలు

మద్రాసు పురసవాక్కంలో దొరస్వామి రాత తెలియని అంగడి లేదు. చీరల కొట్ల బోర్డులు, కోడంబాక్కంలో సినిమా టైటిళ్ళు ఆయన కుంచె నుంచే దిగేవి. ఒక్కటే లోపం. ఆయన అక్షరాలు కుదురుగా నిలబడేవి కావు. తలకట్టు ఒక పక్కకు జారేది, కొమ్ము గాలికి ఎగిరేది. భక్తి సినిమా పేరు రాసినా నవ్వుతాలుగానే ఉండేది.

యాభై నాలుగులో, అచ్చక్షరాలు పోతపోసే కోదండరాం ఆయన్ను పిలిపించాడు.

"పత్రికల హెడ్డింగులకి ఈ వంకర అక్షరాలే కావాల దొరస్వామీ. అ మొదలు ఱ దాకా ఒక్కటీ వదలకుండా రాసియ్యి."

పేర్లు రాసేవాడికి ఆ పేర్లలో ఉన్న అక్షరాలతోనే పని. ఙ ని దొరస్వామి జన్మలో రాయలేదు. అయినా ఒప్పుకున్నాడు.

పొద్దున్నే నడవాలో అట్టలు పరుచుకుని నల్లసిరాతో గీసేవాడు. భార్య తాయారు కాఫీ తెచ్చి, నిలబడి చూసేది. ఇంట్లో మాట తెలుగైనా ఆమె బడిలో చదివింది అరవం. తెలుగక్షరం ఒక్కటీ రాదు గనక, వీధిలో పోయే మనుషుల్ని చూసినట్టే చూసేది.

"ఇదేంది, ఒంటికన్నుతో ఎవుర్ని చూస్తా ఉండాది?"

"అది ఠ."

"కన్ను కొంచెం దించండి, సిగ్గు పడినట్టుంటాది. ఈడ పండుకున్నోడు ఎవురు?"

"పండుకోలేదు. అది ణ."

"లేపండి పాపం. కడుపునొప్పి మాదిరి ఉండాది."

దొరస్వామి రెండు రోజులు మూతి ముడుచుకున్నాడు. ఇరవై ఏళ్ళ చెయ్యి ఆయనది. మూడో రోజు, ఆమె వంటింట్లో ఉన్న సమయం చూసి, ఠ కన్ను దించాడు. ఆ తరవాత ఆయనే పిలవసాగాడు. అక్షరం చూపి పేరు చెప్పేవాడు, ఆమె తీర్పు చెప్పేది, ఆయన కాసేపు వాదించి దిద్దేవాడు. నాలుగు నెలల్లో పని ముగిసేసరికి తాయారుకు అక్షరాలన్నీ పేరుపేరునా తెలుసు.

కోదండరాం అట్టలు తిరగేస్తూ ఋ దగ్గర ఆగాడు. "ఇది రొంత ఎక్కువ ఆడతా ఉందే?"

"మా ఇంట్లో సరే అనేసినారు సార్," అన్నాడు దొరస్వామి. అంతకు మించిన వాదన ఆయన దగ్గర లేదు.

మరుసటేడు ఒక వారపత్రిక ఆ అచ్చుతో శీర్షికలు వేసింది. దొరస్వామి దాన్ని తెచ్చి తాయారు ముందు పెట్టాడు. ఆమె వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివింది.

"గుత్తి... వంకాయ... కూర."

తెలుగులో ఆమె చదివిన మొదటి మాటలవి. దొరస్వామి కండువాతో ముక్కు తుడుచుకున్నాడు. పొడుం ఘాటని సర్దుకున్నాడు.

"కింద చిన్నచ్చులో ఉండేది చదువు."

"ఇయ్యి నాకు రావు. పోలీసోళ్ళ మాదిరి వరసగా నిలబడుండాయి. మీకు తెలిసినోళ్ళేనా?"

"అవే అక్షరాలు తాయారూ. ఇది పైనున్న వ నే గదా."

"ఏడ? ఇది నవ్వడంలేదే."

శీర్షికలన్నీ చదివి, పత్రిక మడిచి, అయిపోయిందని చెప్పేసింది. వంకాయ కూర తనకొకరు నేర్పే పని లేదంది. దొరస్వామి వదల్లేదు. సాయంత్రాలు పక్కన కూర్చుని, ఒక్కో చిన్నక్షరాన్నీ తన వంకర అక్షరంతో జతపరిచి చూపించాడు.

దసరా నాటికి ఆమె సీరియల్ నవలలో పడింది. పత్రిక వచ్చిన రోజు, ఆయన అన్నం సంగతి అడిగితే తల ఎత్తేది కాదు.

"చట్టిలో ఉండాది, పెట్టుకోండి," అనేది.