పేస్‌మేకర్ ఉన్న మనిషితో ఎలమంచిలి నుంచి విశాఖపట్నం

1986 నవంబరు 12, బుధవారం. మంచినీళ్లు నాలుగు బిందెలు పట్టాను. రోట్లో కొబ్బరి పచ్చడి రుబ్బాను. మిక్సీ అటకెక్కి చాలా కాలమైంది. పులిహోర, పెరుగన్నం విడివిడిగా కట్టాను. పాలు వద్దని కబురు పంపాను. ఆరున్నర ప్యాసింజరు వేళకు ఇద్దరం స్టేషన్‌లో ఉన్నాం.

మావారికి నాలుగేళ్ల కిందట మద్రాసులో గుండెకు పేస్‌మేకర్ అమర్చారు. ఎడమవైపు మెడ ఎముక కింద, చర్మం లోపల, తడిమితే చేతికి తగిలే బిళ్ల అది. కరెంటు సామాన్లతో జాగ్రత్తగా ఉండమని పంపించారు. ఎంత జాగ్రత్తో మేము అడగలేదు, అంతా మేమే పెంచుకున్నాం. రేడియో అమ్మేశాం. ఎండాకాలంలో కూడా ఫ్యాను వేయలేదు. రైస్ మిల్లులో మోటారు ఉందని ఆయన గుమస్తా ఉద్యోగం మానుకున్నారు. ఇంత చేసినా దసరా వెళ్లినప్పటి నుంచి రాత్రుళ్లు గుండె దడదడ కొట్టుకోవడం, కళ్లు తిరగడం మొదలయ్యాయి. మిషన్ ఆగిపోతోందేమోనని ఇద్దరికీ అనిపించింది, ఒకరికొకరం చెప్పుకోలేదు. విశాఖపట్నంలో ఒక డాక్టరు గారు ఈ మిషన్లను పరీక్షిస్తారని తెలిసి బయలుదేరాం.

ఇలాంటి మనిషితో వెళ్లేవారికి ప్యాసింజరే మేలు. ఆగి ఆగి వెళ్లినా ఉదయం పూట కూర్చోవడానికి చోటు దొరుకుతుంది, ఇద్దరికీ కలిపి పది రూపాయల్లోపే టిక్కెట్టు. అనకాపల్లిలో జనం ఎక్కారు. స్టీలు ప్లాంటు పనికి వెళ్లే ఒకతను వచ్చి మావారి పక్కనే కూర్చుని, పెద్ద టేప్‌రికార్డరు ఒళ్లో పెట్టుకుని పాట పెట్టాడు. నేను వాళ్లిద్దరి మధ్యకు చెయ్యి అడ్డం పెట్టాను.

"నాయనా, దాన్ని అవతల పెట్టుకో. ఆయన గుండెలో మిషనుంది."

"నా మిషన్ని సూసి ఆ మిషన్ జడుసుకుంటాదేటమ్మా?" అని నవ్వాడు. నా ముఖం చూసి నవ్వు ఆపేశాడు. "సర్లెండి, నాను గుమ్మంకాడ నిలబడతాను."

"ఒగ్గీయే, ఉండనీ. పాట బాగుంది," అన్నారు మావారు నాతో మెల్లగా. అప్పటికే అతను దూరంగా వెళ్లిపోయాడు. దువ్వాడలో దిగేదాకా మావారి ఛాతీ వైపే చూస్తూ నిలబడ్డాడు. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

తొమ్మిదింటికి ముందే విశాఖపట్నం చేరాం. స్టేషన్ నుంచి ఆస్పత్రికి రిక్షా మూడు రూపాయలు. ఎత్తు రోడ్డు వచ్చినప్పుడు నేను దిగి నడిచాను. "ఆయన్ని కూసోనీండమ్మా, నాను తొక్కగల్ను," అన్నాడు రిక్షా అతను. పదకొండు గంటలకు లోపలికి పిలిచారు.

చొక్కా విప్పమన్నారు, మెడలోది తీయమన్నారు. మెడలో ఉన్నది మా పెద్దాడపడుచు నరసమ్మ వదిన ఇచ్చిన దండ. ఆవిడ దసరాకు సింహాచలం వెళ్లినప్పుడు కొండ కింద మందులమ్మేవాడి దగ్గర కొన్నారు. నల్ల తాడు, దానికి సూదంటురాయి బిళ్లలు. గుండెకు బలమని, గుండుసూదుల్ని లాగి చూపించి అమ్మాడట. ఆ బిళ్లలు సరిగ్గా ఎడమవైపు ఆనేలా వదినే కట్టారు. మందు ఊరికే తీసుకుంటే పనిచేయదని, రూపాయి పావలా తన చేతిలో పెట్టమన్నారు. నా దగ్గర అప్పుడు చిల్లర లేక తరవాత ఇస్తానన్నాను. కరెంటు లేని వస్తువు కదా, దాని గురించి నేను భయపడలేదు. ఇప్పుడు తీసి చేతిరుమాల్లో మూటకట్టాను.

డాక్టరు గారు గుండ్రటి అయస్కాంతం ఒకటి తెచ్చి ఆయన ఛాతీ మీద ఆనించారు. అలా పెడితే మిషన్ తనకు తానుగా ఒకే వేగంతో కొడుతుందట, ఆ వేగాన్ని బట్టి బ్యాటరీ ఎంత మిగిలిందో తెలుస్తుందట. పెట్టిన క్షణంలోనే మావారు నా చెయ్యి పట్టుకున్నారు.

"ఇదేనండి బాబూ! రాత్రుళ్లు ఇలాగే కొట్టుకుంటాది. అచ్చం ఇలాగే."

"ఇంట్లో కూడా ఎవరైనా అయస్కాంతం పెడుతున్నారా ఏమిటి?" అని డాక్టరు గారు నవ్వారు.

నేను రుమాలు విప్పాను. డాక్టరు గారు దండను పక్కనున్న ఇనప పళ్లెం దగ్గరకు తీసుకెళ్లారు. అందులోని క్లిప్పులు లేచి బిళ్లలకు అతుక్కున్నాయి. ఆ తర్వాత ఆయన నవ్వలేదు. "ఇది మిషన్‌ని దాని పని అది చేసుకోనివ్వదమ్మా. ఆయన గుండె సొంతంగా కొడుతున్నా ఇది పైనుంచి కొడుతూనే ఉంటుంది. ప్రాణం మీదికి రావచ్చు," అన్నారు.

ఒక్కొక్కటీ పేరు చెప్పి అడిగాను. రేడియో వినొచ్చు, ఛాతీకి ఆనించుకుని పడుకోకూడదు. స్పీకరు వెనకాల అయస్కాంతం ఉంటుంది. ఫ్యాను, ఇస్త్రీపెట్టె, టీవీ ఏమీ చేయవు. మిక్సీ జానెడు దూరంలో ఉంటే చాలు, కరెంటు కొట్టకుండా ఎర్తు సరిగ్గా ఉండాలి. నడుస్తున్న స్కూటరు ఇంజను మీదకు వంగకూడదు. వెల్డింగు దగ్గరకు వెళ్లనే కూడదు.

"మిల్లులో మోటారండి?" అన్నారు మావారు.

"మీరు కూర్చునే చోటికి ఎంత దూరం?"

"గోడకి అవతలండి."

"మరి ఉద్యోగం ఎందుకు మానేశారు?"

మావారు చొక్కా తొడుక్కున్నారు. డాక్టరు గారు, దండ తీసేస్తే దడ పోతుందని, కానీ బ్యాటరీ నిజంగానే అయిపోవస్తోందని, వేసవిలోగా మళ్లీ మద్రాసు వెళ్లి మార్పించుకోవాలని చెప్పారు. దండను మిగతా రోగులకు చూపిస్తానని అడిగి ఉంచుకున్నారు.

మధ్యాహ్నం అక్కడే పాత ఊళ్లో ఉన్న నరసమ్మ వదిన ఇంటికి వెళ్లాం. తల్లి పోయాక మావారిని పెంచింది ఆవిడే. అప్పడాలు ఒత్తుతున్నారు.

"ఏటన్నార్రా? దండేదిరా, తీసీసినావా?"

మావారు నావైపు చూశారు. నేనే చెప్పాను. వదిన నమ్మలేదు. "డాకటర్లు అలాగే అంతారు. ఆల మందులే మందులా?"

"కాదప్పా. డాకటరు సూదంటురాయెడితే అదే దడొచ్చింది. దండ తీసీసిన కాణ్నుంచి లేదు," అన్నారు మావారు అక్కగారితో.

వదిన చేతిలో అప్పడాల కర్ర ఆగిపోయింది. "ఎత్తుకుని పెంచినాన్రా నిన్ను. నానే సంపీబోనానేటి?"

మావారు ఆవిడ పక్కన కూర్చున్నారు. "నీ మందుకి డబ్బులియ్యలేదు కదప్పా. ఊరికే పుచ్చుకున్న మందు పన్జెయ్యదని నువ్వే అన్నావు. అందుకే సావలేదు."

వదిన పిండి చేత్తోనే ఆయన్ని ఒక్క దెబ్బ వేశారు. చూసుకుని కుడి భుజం మీదే వేశారు. ఆ తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను చిల్లర తీసి ఆవిడ ముందుకు చాపాను. చెయ్యి వెనక్కి లాక్కున్నారు.

"ఇంకా దానికి డబ్బులేటే?"

"తీసుకోండి వదినా. మీరు మందనుకునే కదా ఇచ్చారు."

పిండి చెయ్యి కొంగుకు తుడుచుకుని చాపారు.

తిరుగు బండిలో ఎవరి దగ్గరా పాట లేదు. నాలుగేళ్లు ఏ వస్తువులకు భయపడి బతికామో అవి ఆయన్ని ఏమీ చేసేవి కావు. భయపడకుండా మెడలో కట్టిందే చేసింది. ఫ్యాను ఈ రాత్రే వేసుకోవచ్చు, రేడియో మళ్లీ కొనుక్కోవచ్చు. మిల్లులో ఆయన కుర్చీలో ఇప్పుడు వేరే మనిషి కూర్చుంటున్నాడు. వేసవిలోగా ఆ ఆపరేషన్ గదిలోకి ఆయన్ని మళ్లీ పంపాలి. మొదటిసారి తలుపు బయట కూర్చున్నది నేనే కాబట్టి, ఆ కూర్చోవడం ఎలాంటిదో నాకు తెలుసు. అనకాపల్లి దాటాక ఆయన నిద్రపోయారు. ఊపిరి చూస్తూ కూర్చున్నాను. దడ రాలేదు.

ఇలాంటి పరీక్షకు వెళ్లేవారు ఒక్క పని చేయండి. మనిషి ఒంటిని తాకేవన్నీ, కరెంటు లేనివైనా సరే, తాయెత్తు దగ్గర నుంచి మొలతాడు దాకా తీసుకెళ్లి డాక్టరు గారి ముందు పెట్టి అడగండి.

నరసమ్మ వదినకు దండ తాలూకు రూపాయి పావలా: చెల్లు.